పలకని అక్షరాల పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఇంగ్లిషులో రాతలో ఉండి నోట పలకని అక్షరాలు చాలా ఉన్నాయి. అలాంటి పదాలను, వాటిలో ఉమ్మడిగా కనిపించే అక్షరాల జంటను బట్టి కట్టలుగా విడదీసి, తెలుగు అర్థాలతో కార్డులు తయారు చేశాను. మొత్తం 5 కట్టలు, 76 కార్డులు. పాడుచేసినవి మరో 30. ఇదే పని మొదలుపెట్టేవారికి ఆ 30 కార్డుల శ్రమ తప్పాలని ఈ వివరాలు రాసి ఉంచుతున్నాను.

పనిముట్లు తక్కువే: 7.5 × 12.5 సెంటీమీటర్ల గట్టి కార్డులు, నలుపు, ఎరుపు కలాలు, పదాల పుట్టుక చెప్పే ఒక పెద్ద నిఘంటువు, కంప్యూటర్‌లో ఒక ఇంగ్లిషు పదాల జాబితా. పరీక్షలన్నీ పదో తరగతి చదివే మా మేనకోడలితో చేయించాను. మొదట నన్ను నేనే పరీక్షించుకుంటే అన్నీ సరిగ్గా వచ్చాయి. కానీ నాకు గుర్తున్నది పదం కాదు, దాన్ని రాసిన కార్డు. ఏ మూల సిరా మరక ఉందో చూసి అర్థం చెప్పేస్తున్నాను. తయారు చేసినవారు ఇచ్చుకునే మార్కులు లెక్కలోకి రావు.

దశ 1: కె-ఎన్ కట్ట, 17 పదాలు

తీసుకున్న పదాలు: నీ (మోకాలు), నీల్ (మోకరిల్లు), నైఫ్ (కత్తి), నైట్ (మధ్యయుగపు అశ్వయోధుడు), నిట్ (అల్లు), నాబ్ (గుండ్రటి పిడి), నాక్ (తలుపు తట్టు), నాట్ (ముడి), నో (తెలిసి ఉండు), నాలెడ్జ్ (జ్ఞానం), నకల్ (వేలి కణుపు), న్యాక్ (ఒడుపు), నేవ్ (మోసగాడు), నీడ్ (పిసుకు), నెల్ (చావుగంట మోత), నోల్ (చిన్న దిబ్బ), న్యాప్‌సాక్ (వీపు సంచి).

మొదటి తప్పు ఈ జాబితాలోనే ఉంది. ఇంగ్లిషు అక్షరాలు లేకుండా, పైన రాసినట్టే, తెలుగు లిపిలో ఉచ్చారణ మాత్రమే కార్డు మీద రాశాను. ఇంగ్లిషు లిపి చూస్తే పిల్లలు పలకని కె ని కూడా పలుకుతారన్నది నా భయం. కానీ ఉచ్చారణ ఒక్కటే రాస్తే ఈ కట్ట ఎందుకు కట్టానో ఆ కారణమే మాయమైపోయింది. పైగా 17లో 6 పదాలకు అదే ఉచ్చారణతో వేరే పదం ఉంది. నైట్ అంటే యోధుడా, రాత్రా? నాట్ అంటే ముడా, కాదు అనే మాటా? నో, నీడ్, నిట్, నేవ్ లదీ ఇదే చిక్కు. ‘నీ’ కార్డు చూసి మేనకోడలు "నీ అంటే ఏమిటి, ‘నీది’ అనా?" అని అడిగింది.

రెండో ప్రయత్నంలో ‘క్నైఫ్’, ‘క్నాట్’ అని రాసి, క్ చుట్టూ ఎర్రటి సున్నా చుడదామనుకున్నాను. రెండు కార్డులు చిత్తుకాగితం మీద రాసి చూపించగానే ఆమె సున్నాను పట్టించుకోకుండా ‘క్నైఫ్’ అనే చదివింది. తప్పు ఆమెది కాదు. తెలుగు చదివే కన్ను రాసిన హల్లును వదిలిపెట్టదు, అలా వదిలే అలవాటు మన లిపి మనకు నేర్పలేదు.

17 కార్డులూ పక్కన పెట్టి మళ్ళీ రాశాను. చివరికి నిలిచిన పద్ధతి ఇది:

1. పై వరుసలో నల్ల సిరాతో ఇంగ్లిషు అక్షరాలు, పలకని అక్షరం మాత్రం ఎరుపులో.
2. కింది వరుసలో తెలుగు లిపిలో ఉచ్చారణ. పలకని అక్షరం ఛాయ కూడా అందులో ఉండకూడదు.
3. వెనకవైపు తెలుగు అర్థం, ఒక చిన్న వాక్యం.
4. అదే ఉచ్చారణ గల వేరే పదం ఉంటే వెనకవైపు కింది మూలలో దాని అర్థం.

ఈ డైరీలో అవసరమైన చోట ‘కె-ఎన్-ఓ-టి’ అని అక్షరాల పేర్లు రాస్తాను, పక్కన ఉచ్చారణ ఉంటుంది.

పరీక్ష చేస్తే 17లో 8 సరిగ్గా వచ్చాయి. తప్పయిన 9లో ఎక్కువ భాగం నీల్, నెల్, నోల్ లాంటివే. అక్షర క్రమంలో పేర్చడం వల్ల ఒకే పోలిక గల పదాలన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఒకదాని అర్థం మరొకదానికి అంటుకుంటోంది. కట్టలో ఉమ్మడి అక్షరాలు ఉన్నంత మాత్రాన పదాలు గుర్తుండవు. సరిగ్గా ఆ ఉమ్మడితనమే వాటిని కలిపేస్తోంది. కార్డులేవీ మార్చకుండా వరుస మాత్రం మార్చాను. శరీరానికి చెందినవి (నీ, నీల్, నకల్) ఒకచోట, చేతిపనికి చెందినవి (నిట్, నాట్, నీడ్, నైఫ్) ఒకచోట పెట్టాను. నెల్, నోల్ మధ్య కనీసం ఆరు కార్డుల దూరం ఉంచాను. మూడు రోజుల తర్వాత 17లో 13 వచ్చాయి.

కొన్ని పదాలకు ఒక్క మాట అర్థం చాలలేదు. నాట్ అంటే ముడి మాత్రమే కాదు, ఓడ వేగానికి కొలత కూడా. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ పేరు కూడా ముడి నుంచే వచ్చింది. కొలిచిన దూరాల్లో ముడులు వేసిన తాడును కదిలే ఓడ నుంచి నీటిలోకి వదిలి, నిర్ణీత సమయంలో ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. ఇది చెప్పాక ఆ కార్డు మళ్ళీ ఒక్కసారి కూడా తప్పలేదు.

అసలు ఈ కె ఎందుకు ఉందో చెప్పడం కూడా పనిచేసింది. అది ఒకప్పుడు పలికిన అక్షరమే. జర్మన్‌లో మోకాలిని నేటికీ ‘క్నీ’ అంటారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణ యంత్రం నెలకొల్పే నాటికి ఇంగ్లిషువారు కూడా కె ని పలికేవారు. తర్వాత నోరు మారింది, అచ్చులోని రాత మారలేదు. మోకాలికి సంస్కృతంలో జాను అని పేరు. ఆజానుబాహువులోని జాను, ఇంగ్లిషు నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. ‘తెలియడం’ అనే అర్థమున్న నో, జ్ఞానంలోని జ్ఞా కూడా అంతే. ఆ మాట విన్నప్పుడు మేనకోడలి ముఖం వెలిగింది. ఈ రెండు కార్డుల వెనక జాను, జ్ఞా అని ఎర్రటి అక్షరాలతో రాశాను.

ఇప్పటివరకు: మంచివి 17, పాడైనవి 17.

దశ 2: జి-ఎన్ కట్ట, 19 పదాలు

మొదట్లో జి-ఎన్ వచ్చేవి 7: న్యాట్ (దోమలాంటి చిన్న పురుగు), నా (కొద్దికొద్దిగా కొరుకు), న్యాష్ (పళ్ళు పటపట కొరుకు), నార్ల్‌డ్ (ముడులు తేలి వంకరపోయిన), నోమ్ (కథల్లో భూగర్భంలో ఉండే మరుగుజ్జు), ను (ఆఫ్రికాలోని ఒక గడ్డి మేసే జంతువు), నోమన్ (నీడగడియారంలోని శంకువు).

చివర్లో వచ్చేవి 12: సైన్, డిజైన్, రిజైన్ (రాజీనామా చేయు), అసైన్ (కేటాయించు), అలైన్ (వరుసలో ఉంచు), రెయిన్ (రాజ్యమేలు), ఫారిన్, సావరిన్ (సార్వభౌముడు), ఫెయిన్ (నటించు), బినైన్ (హాని చేయని), మలైన్ (నిందించు), క్యాంపెయిన్.

ఈసారి పదాలను కంప్యూటర్ జాబితాలో వెతికాను. ‘జి-ఎన్ ఎక్కడున్నా చూపు’ అని అడిగితే సిగ్నల్, మ్యాగ్నెట్, ఇగ్నోర్ కూడా వచ్చాయి. తొందరలో మూడింటికీ కార్డులు రాసేశాను. వాటిలో జి స్పష్టంగా పలుకుతుంది కదా! అక్షరాల జంట ఒక్కటే చూస్తే సరిపోదు, పదంలో అది ఎక్కడుందో కూడా చూడాలి. మొదట్లో గానీ చివర్లో గానీ ఉంటే మౌనం, రెండు అచ్చుల నడుమ చీలిపోతే పలుకుతుంది. వెతికేటప్పుడు స్థానాన్ని కూడా షరతుగా పెట్టుకోండి.

చింపేయబోయిన సిగ్నల్ కార్డును పట్టుకుని కాసేపు అలాగే చూశాను. ప్రాజెక్టు మొత్తాన్ని మలుపు తిప్పిన కార్డు అదే. సైన్‌లో పలకని జి సిగ్నల్‌లో పలుకుతోంది. రెండూ గుర్తు అనే అర్థం చుట్టూ తిరిగేవే. అంటే పలకని అక్షరానికి సాక్షి ఉంది, మరో పదంలో నిలబడి తన ఉనికిని చెబుతోంది. అప్పటినుంచి ప్రతి కార్డుకూ సాక్షిని వెతకడం అయిదో నిబంధన అయింది. నేను ‘సాక్షి పదం’ అని పిలుస్తున్నది ఇదే.

దొరికిన సాక్షులు: సైన్‌కు సిగ్నల్, డిజైన్‌కు డెసిగ్నేట్ (నియమించు), రిజైన్‌కు రెసిగ్నేషన్ (రాజీనామా), అసైన్‌కు అసిగ్నేషన్ (కేటాయింపు), మలైన్‌కు మలిగ్నెంట్ (హానికరమైన), బినైన్‌కు బినిగ్నిటీ (దయాగుణం), రెయిన్‌కు ఇంటర్‌రెగ్నమ్ (ఒక రాజు పోయి మరొకరు రాకముందు ఉండే కాలం). మొదటి ఏడింటిలో నోమన్‌కు మాత్రమే దొరికింది: డయాగ్నోసిస్. రెండింటిలోనూ ‘తెలుసుకోవడం’ అనే గ్రీకు మూలమే ఉంది. శంకువు నీడను చూసి సమయం తెలుసుకుంటాం, లక్షణాలను చూసి రోగం తెలుసుకుంటాం. పైగా ఆ మూలం మళ్ళీ మన జ్ఞా దగ్గరికే చేరుతుంది.

సాక్షి దొరికిన ఉత్సాహంలో ఫారిన్, సావరిన్ కార్డుల మీద కూడా రెయిన్ సాక్షినే రాశాను. రాజుకు సంబంధించిన మాటలే కదా అనుకున్నాను. నిఘంటువు తెరిస్తే తెలిసింది వేరు. ఆ రెండు పదాల్లో జి అసలు వంశానికి చెందినది కాదు. పాత ఫ్రెంచిలో వాటికి జి లేదు. రెయిన్‌ను చూసి, ఆ పోలికతో ఇంగ్లిషులో ఎవరో చేర్చినది. రెండు కార్డులూ తిరగరాసి, సాక్షి ఉండాల్సిన చోట ‘అరువు జి’ అని రాశాను. సాక్షిని ఊహతో రాయకండి, ప్రతిసారీ నిఘంటువు తెరవండి. నాకు ఒక్కో కార్డుకు 4 నిమిషాలు పట్టేది, ఈ నియమం పెట్టుకున్నాక 11 నిమిషాలు పట్టింది. ఆ సమయం వృథా కాలేదు.

ఇప్పటివరకు: మంచివి 36, పాడైనవి 22, సాక్షి ఉన్నవి 10. ఇందులో దశ 1 నుంచి నో, నాలెడ్జ్ కలిశాయి. ఆ రెండింటికీ అక్నాలెడ్జ్ (ఒప్పుకొను) సాక్షి, దానిలో క్ వినిపిస్తుంది.

దశ 3: పలకని బి, 16 పదాలు

చివర ఎం-బి (ప్లమర్‌లో దాని తర్వాత ఇ-ఆర్) ఉన్నవి 13: బామ్, టూమ్ (సమాధి), కోమ్ (దువ్వెన), వూమ్ (గర్భాశయం), ల్యామ్ (గొర్రెపిల్ల), లిమ్ (అవయవం, కొమ్మ), క్లైమ్ (ఎక్కు), నమ్ (తిమ్మిరెక్కిన), డమ్ (మూగ), థమ్ (బొటనవేలు), క్రమ్ (తునక, పొడి), ప్లమర్, సకమ్ (లొంగిపోవు). బి-టి ఉన్నవి 3: డెట్ (అప్పు), డౌట్ (సందేహం), సటిల్ (సూక్ష్మమైన).

తెలుగువారికి ఇది అన్నింటికంటే కష్టమైన కట్ట. ఎందుకంటే ఈ పదాల్లో కొన్ని మన భాషలోకి బి తో సహా వచ్చి స్థిరపడ్డాయి. బాంబు, ప్లంబరు అనే మనం అంటాం, తెలుగులో అవి సరైన మాటలే. ఇంగ్లిషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ బి వదిలేయాలి. తెలుగు మాటను తప్పు పట్టకుండా కార్డు వెనక రెండు వరుసలు రాశాను: ‘తెలుగులో బాంబు, ఇంగ్లిషులో బామ్’.

తర్వాతి దెబ్బ ఓ-ఎం-బి దగ్గర తగిలింది. చివరి మూడు అక్షరాలూ ఒకటే కాబట్టి ఉచ్చారణ కూడా ఒకటేనని కోమ్‌ను చూసి మిగతా మూడింటినీ ‘ఓమ్’ ధ్వనితో రాశాను. బామ్‌లో ఒక అచ్చు, కోమ్‌లో మరొకటి, టూమ్, వూమ్‌లలో ఇంకొకటి. మూడు కార్డులు పోయాయి. ఉమ్మడి అక్షరాలు ఉచ్చారణకు హామీ కావు. ప్రతి కార్డునూ నిఘంటువులోని ఉచ్చారణ గుర్తుతో సరిచూడాలి.

ఇంకో చోట జాగ్రత్తపడాలి. ఎన్-యు-ఎం-బి-ఇ-ఆర్ అనే అక్షరాలు సంఖ్య అనే అర్థంలో నంబర్ అని పలుకుతాయి. ‘మరింత తిమ్మిరెక్కిన’ అనే అర్థంలో అవే అక్షరాలు నమర్ అవుతాయి. నమ్ అనే పదానికి ఇ-ఆర్ తగిలించినప్పుడు బి మౌనంగానే ఉంటుంది. క్లైమర్, ప్లమర్ కూడా ఇలాంటివే. మెంబర్, టింబర్‌లలో బి పదం లోపలిది కాబట్టి పలుకుతుంది.

పుట్టుకను బట్టి ఈ 13 మూడు గుంపులయ్యాయి. ల్యామ్, క్లైమ్, కోమ్, డమ్, వూమ్‌లలో బి ఒకప్పుడు పలికేది. థమ్, క్రమ్, నమ్, లిమ్‌లకు పాత ఇంగ్లిషులో బి అసలు లేదు, తర్వాత చేరింది. మిగతా నాలుగు ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి వచ్చినవి.

సాక్షులు: బామ్‌కు బంబార్డ్ (బాంబులతో దాడి చేయు), క్లైమ్‌కు క్లాంబర్ (చేతులూ కాళ్ళూ వాడుతూ పాకి ఎక్కు), సకమ్‌కు ఇన్‌కంబెంట్ (ప్రస్తుతం పదవిలో ఉన్న), క్రమ్‌కు క్రంబుల్ (పొడిపొడి అగు), థమ్‌కు థింబుల్ (కుట్టేటప్పుడు వేలికి తొడిగే లోహపు తొడుగు). చివరి రెండింటి దగ్గర ఒక వివరం రాసుకోవాలి. ‘మ’ నుంచి ‘ల’ కు నాలుక జారేటప్పుడు మధ్యలో ‘బ’ దానంతట అదే పుడుతుంది, నోట్లో పలికి చూస్తే తెలుస్తుంది. కాబట్టి ఇవి జన్మ సాక్షులు కావు. గుర్తుంచుకోవడానికి పనికొస్తాయని ఉంచాను.

ప్లమర్‌కు సాక్షి లాటిన్‌లో దొరికింది. సీసానికి లాటిన్ పేరు ప్లంబమ్. ఒకప్పుడు నీటి గొట్టాలు సీసంతో చేసేవారు, వాటి పని చేసేవాడు ప్లమర్. రసాయనశాస్త్రంలో సీసానికి పి-బి అని గుర్తు వచ్చింది కూడా దీని నుంచే. మేనకోడలికి ఆ గుర్తు ముందే తెలుసు కాబట్టి ఈ కార్డు మొదటిసారే నిలిచిపోయింది.

డెట్‌కు డెబిట్, డౌట్‌కు ఇండ్యూబిటబుల్ (సందేహానికి తావులేని) సాక్షులు. ఇక్కడ కథ తిరగబడింది. ఈ మాటలు ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చాయి. లాటిన్ మూలం కంటికి కనిపించాలని పండితులు తర్వాత బి ని రాతలో చేర్చారు. నోరు దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇప్పటివరకు: మంచివి 52, పాడైనవి 25, సాక్షి ఉన్నవి 18.

దశ 4: డబ్ల్యు-ఆర్ కట్ట, 16 పదాలు

ఈ కట్టకు రెండు సాయంత్రాలు వెతికినా ఒక్క సాక్షి పదం దొరకలేదు. డబ్ల్యు-ఆర్ జంటలో డబ్ల్యు ఎక్కడా పలకదు. సాక్షి పద్ధతి ఇక్కడ ఆగిపోయింది.

కార్డులన్నీ నేల మీద పరిచి అర్థాలు మాత్రమే చదివాను. రింగ్ (తడిగుడ్డ పిండు), రెంచ్ (మెలిపెట్టి లాగు), రిగుల్ (వానపాములా మెలికలు తిరుగుతూ జరుగు), రైద్ (నొప్పితో గిలగిల కొట్టుకుంటూ మెలికలు తిరుగు), రై (వంకరపోయిన), రీత్ (గుండ్రంగా అల్లిన పూల వలయం), రెసిల్ (కుస్తీ పట్టు), రింకుల్ (ముడత), రిస్ట్ (మణికట్టు), ర్యాప్ (చుట్టు), రాంగ్ (తప్పు). పదకొండింటిలోనూ మెలికో, చుట్టో, వంకరో కనిపిస్తోంది! రాంగ్‌కు మూలమైన పాత నార్స్ మాటకు అర్థం వంకర. ఎదురుగా ఉన్న రైట్ (సరైన) తిన్నదనం నుంచి వచ్చింది. సంస్కృతంలోని ఋజు (తిన్నని) దానికి బంధువు.

మిగిలిన అయిదు: రైట్ (రాయు), రెక్ (ధ్వంసమైన ఓడ, శిథిలం), రెన్ (ఒక చిన్న పిట్ట), రాత్ (ఆగ్రహం), రెచిడ్ (దీనమైన).

వీటిలో రాయు అనే పదం దగ్గర చాలాసేపు ఆగాను. మన పాత పుస్తకాల్లో వ్రాయు, వ్రాత అని ఉంటుంది. మనకూ మొదట్లో వ ఉండేది. నోట అది జారిపోయాక మనం రాతలో కూడా తీసేసి రాయు, రాత అంటున్నాం. ఇంగ్లిషువారు నోట వదిలేసి రాతలో ఉంచుకున్నారు. ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు, పోలిక కాకతాళీయం. అయినా పలకని డబ్ల్యు గురించి తెలుగు పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు దొరకలేదు. కార్డు వెనక ‘వ్రాయు, రాయు’ అని రాశాను.

ఈ దశలో చేసిన తప్పు: రింగ్, రెంచ్, రిగుల్, రైద్ నాలుగింటికీ ‘మెలిపెట్టు, మెలికలు తిరుగు’ అని ఒకే అర్థం రాశాను. పరీక్షలో నాలుగూ తారుమారయ్యాయి. తిరగరాసేటప్పుడు ఎవరు, దేన్ని, ఎందుకు అన్నది చేర్చాను. చెయ్యి గుడ్డను పిండుతుంది, పనిముట్టు బిగిసిన దాన్ని తిప్పి లాగుతుంది, పురుగు కదలడానికి మెలికలు తిరుగుతుంది, మనిషి నొప్పికి తిరుగుతాడు. ఒక్కో పదానికి ఒక చేతి కదలిక కూడా పెట్టాం. తర్వాతి పరీక్షలో నాలుగూ సరిగ్గా వచ్చాయి.

ఇప్పటివరకు: మంచివి 68, పాడైనవి 29, సాక్షి ఉన్నవి 18.

దశ 5: పదం మొదట్లో పలకని పి, 8 పదాలు

సామ్ (కీర్తన), సూడోనిమ్ (మారుపేరు), సైకాలజీ, సొరయాసిస్ (ఒక చర్మవ్యాధి), న్యుమోనియా, న్యుమాటిక్ (గాలి ఒత్తిడితో పనిచేసే), టెరొడాక్టిల్ (ఎగిరే ప్రాచీన సరీసృపం), టార్మిగన్ (చలి ప్రాంతాల్లో ఉండే ఒక పక్షి).

చివరిది తప్ప అన్నీ గ్రీకు మూలాలవే కాబట్టి పని త్వరగా సాగింది. న్యుమోనియా, న్యుమాటిక్ రెండింటికీ ఆప్నియా సాక్షి, శ్వాస ఆగడం అని అర్థం. టెరొడాక్టిల్‌కు సాక్షి హెలికాప్టర్. మనం హెలి, కాప్టర్ అని విరిచి పలుకుతాం కానీ అసలు విరుపు హెలికో, ప్టర్. ప్టర్ అంటే రెక్క.

టార్మిగన్‌కు కూడా అదే రెక్కను సాక్షిగా రాశాను, పక్షి కదా అని. దశ 2లో పెట్టుకున్న నియమాన్ని నేనే మరిచిపోయాను. అది స్కాట్లండ్‌లోని గేలిక్ మాట, అందులో పి లేదు. గ్రీకు అనుకుని తర్వాత ఎవరో తగిలించారు. కార్డు తిరగరాసి ‘అరువు పి’ అని రాశాను.

మొత్తం: మంచివి 76, పాడైనవి 30, సాక్షి ఉన్నవి 21.

21 రోజుల తర్వాత పరీక్ష

కట్టలన్నీ కలిపి, పై వరుస మాత్రమే చూపించి, ఉచ్చారణా అర్థమూ రెండూ అడిగాను. రెండూ సరైతేనే లెక్క.

1. సాక్షి ఉన్న 21లో 20 సరి.
2. సాక్షి లేని 55లో 41 సరి.
3. మొత్తం 76లో 61.

సాక్షి ఉండి తప్పినది బినైన్ ఒక్కటే. బినిగ్నిటీ అనే మాటే ఆమెకు ముందు తెలియదు, తెలియని పదం మరో తెలియని పదానికి సాక్ష్యం చెప్పలేకపోయింది. ఆ కార్డు మీద సాక్షిని కొట్టేసి, మలైన్ కార్డుతో జత కట్టాను: ఒకటి హాని చేయనిది, మరొకటి చెడు కోరేది.

తప్పిన మిగతా 14లో నెల్, నోల్, నేవ్, నార్ల్‌డ్ మళ్ళీ ఉన్నాయి. వాటికి సాక్షి లేదు, రోజువారీ చదువులో అవి ఎదురుకావు కూడా. ఈ నాలుగింటికీ వెనక ఉన్న వాక్యాలను తీసేసి, ఆమెనే సొంతంగా రాయమన్నాను. నెల్‌కు, నోల్‌కు కలిపి ఒకే వాక్యం రాసింది: దిబ్బ మీద గుడిసెలో ఉన్నవారికి కింద ఊళ్ళో మోగే చావుగంట వినిపించింది. రెండూ పక్కపక్కన ఉండకూడదన్న నా దశ 1 నియమానికి ఇది విరుద్ధం. అయినా ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను. పది రోజుల తర్వాత ఆ రెండు కార్డులే విడిగా అడుగుతాను.